వంశమే ఊరైన చోట

ఊరనగా నేమి? ఇండ్లు, వీధులు, పొలములు, గుడి, చావడి అని వెంటనే బదులు చెప్పవచ్చును. కాని ఇండ్లు ఒక్కచోట చేరినంత మాత్రమున ఊరు కానేరదు. అందలి జనులను ఒకరితో నొకరిని ముడివైచు దారమేదో ఒకటి ఉండవలెను. ఆ దారము అన్ని దేశములందును ఒక్కటి కాదు. చైనాలోని వేలకొలది పల్లెలలో అది రక్తసంబంధము. మన మైదానపు తెలుగు పల్లెలలో అది చెరువు నీరును, వృత్తుల పరస్పరావసరమును. మన ఆదిలాబాదు కొండలలో ఈ రెంటికిని భిన్నమైన మూడవ విధమొకటి కలదు. ఈ మూటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, మన ఊరిని గూర్చి మనమెన్నడును తలపోయని సంగతులు కొన్ని తెలియవచ్చును.

ముందుగా మనకు దగ్గరి ఊరు చూతము. హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో, రంగారెడ్డి జిల్లాలో, ఇబ్రహీంపట్నము కలదు. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరిట వెలసిన ఊరది. తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించిన ప్రభువితడే. ఆతని కాలపు పెద్ద చెరువు నేటికిని అచ్చట ఉన్నది. తెలంగాణములో ఇట్టి చెరువు క్రింద పెరిగిన ఊళ్ళు లెక్కకు మిక్కిలి. వాని కట్టుబాటంతయు ఆ చెరువు చుట్టును అల్లుకొన్నదే. కట్టమీద మైసమ్మ, ఊరి నడుమ బొడ్రాయి, పొలిమేరలో పోచమ్మ. తూము తెరచి మడిమడికి నీరు వదలువాడు నీరడి. నాగలి చెక్కువాడు వడ్లవాడు, కర్రు సాగగొట్టువాడు కమ్మరి, కుండలిచ్చువాడు కుమ్మరి. చాకలి, మంగలి, తలారి మున్నగువారికిని కళ్ళము వద్ద గింజలలో వారి వారి పాలు ఉండెడిది.

వీరిలో ఏ ఇద్దరికిని మూలపురుషుడు ఒక్కడు కాడు. ఒకరి ఇంటి పిల్లను మరొకరు చేసికొనరు. అయినను "మామా" యనియు, "బావా" యనియు, "అక్కా" యనియు వరుసలు కలిపి పిలుచుకొందురు. రక్తము కలియని చోట మాటతోనైనను చుట్టరికము కల్పించుకొనుట మన పల్లెల నేర్పు. ఆచార్య శ్యామాచరణ దూబే 1951, 1952 సంవత్సరములలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు బృందముతో హైదరాబాదు చెంతనున్న శామీర్‌పేటను పరిశీలించి, 1955లో ప్రకటించిన గ్రంథమున వర్ణించినది ఇట్టి బహుకులముల గ్రామమునే. అందులో సహకారముతో పాటు ఎక్కువతక్కువలును ఉండెను. వాడలు వేరు, బావులు వేరు. ఊరి పనికి అందరును కావలెను గాని, ఊరి గౌరవమున అందరికిని సమభాగము లేదు. ఈ లోపమును మరచి పాత పల్లెను పొగడుట న్యాయము కాదు.

ఇక చైనా సంగతి. ఆ దేశమున, ముఖ్యముగా దక్షిణ భాగమున, ఒక ఊరిలోని పురుషులందరిదియు ఒక్కటే ఇంటిపేరైన పల్లెలు వేలకొలదిగా ఉన్నవి. ఎప్పుడో వందల యేండ్ల క్రిందట ఒకడు భార్యాబిడ్డలతో వచ్చి అడవి కొట్టి, పొలము దిద్ది, ఇల్లు కట్టెను. ఆతని కొడుకులు, మనుమలు, మునిమనుమలు అచ్చటనే విస్తరించిరి. ఊరునకు వేరే పేరెందుకు? ఝాంగ్ వారి ఊరు, లీ వారి ఊరు, చెన్ వారి ఊరు అని ఆ వంశము పేరే ఊరి పేరైన చోట్లు అనేకములు.

అట్టి ఊరికి గుండెకాయ వంటిది పితృదేవతల మందిరము. మన ఊరి నడుమ బొడ్రాయి ఎట్లో, అచ్చట ఆ మందిరమట్లు. లోపల మెట్లమెట్లుగా కట్టిన వేదికపై కొయ్యపలకలు నిలువబెట్టబడి యుండును. ఒక్కొక్క పలకపై ఒక్కొక్క పూర్వుని పేరు. పై మెట్టున మూలపురుషుడు, క్రిందికి వచ్చుకొలది తరువాతి తరములవారు. పెండ్లియైనను, బిడ్డ పుట్టినను, పరీక్షలో నెగ్గినను ఆ పలకల యెదుట విన్నవించుకొనవలెను. వంశములో తగవు వచ్చినచో పెద్దలు కూర్చుండి తీర్చునదియు అచ్చటనే.

మందిరము తరువాత ముఖ్యమైనది వంశావళి గ్రంథము. పుట్టిన ప్రతి మగబిడ్డ పేరును అందు ఎక్కించి, కొన్ని తరముల కొకసారి తిరిగి వ్రాసి, శాఖోపశాఖలకు ప్రతులు పంచుకొందురు. అన్నదమ్ముల వరుస వారందరి పేర్లలో ఒక అక్షరము సమానముగా నుంచు ఆచారము కలదు. కావున పేరు విన్నంతనే ఆతడెన్నవ తరమువాడో వంశీయులకు తెలియును. తనకన్న పదియేండ్లు చిన్నవాడైనను తరములో పైవాడైనచో ఆతనిని పినతండ్రి యని పిలువవలసినదే.

మూడవది ఉమ్మడి భూమి. పూర్వుల పేరిట కొంత పొలము కేటాయించి, దానిపై వచ్చిన పంటతో పితృకార్యములు జరిపి, మిగిలిన దానితో పేదల పిల్లలకు చదువు చెప్పించి, వితంతువులను పోషించెడివారు. ఆ పిల్లవాడు ప్రభుత్వ పరీక్షలో నెగ్గి అధికారియైనచో వంశమునకంతకును అండ దొరకినట్లే. 20వ శతాబ్ది పూర్వార్ధమున గ్వాంగ్‌దుంగ్ రాష్ట్రములోని సాగుభూమిలో దాదాపు మూడవ వంతు ఇట్టి ఉమ్మడి ఆస్తియే యని ఆనాటి పరిశీలకుల అంచనా. దక్షిణ చైనాలోనే వంశములు ఇంత బలపడుటకు కారణములను బ్రిటిషు పండితుడు మారిస్ ఫ్రీడ్‌మన్ 1958లో వెలువరించిన గ్రంథమున చర్చించెను. ఆ ప్రాంతము రాజధానికి దూరము. కొత్తగా జనము దిగిన సరిహద్దు నేల. వరిసాగునకు కాలువలు, గట్లు అవసరము. ఒంటరి కుటుంబము వలన కాని పనులివి. అన్నదమ్ముల బిడ్డలు పదిమంది కలిసిననే నీరు పొలమునకెక్కును, దొంగ దూరముగా నుండును.

ఆన్‌హుయి రాష్ట్రములో షీదీ, హోంగ్‌త్సున్ అను రెండు పల్లెలు ఇందుకు చక్కని నిదర్శనములు. షీదీ హు వంశీయులది. హోంగ్‌త్సున్ వాంగ్ వంశీయులు 1131లో నెలకొల్పినది. 2000 సంవత్సరమున యునెస్కో ఈ రెంటిని ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తించినది. తెల్లని గోడలు, నల్లని పెంకులు, మంట పాకకుండ మెట్లవలె పైకి లేపిన చూరుగోడలు అచ్చటి ఇండ్ల లక్షణము. హోంగ్‌త్సున్ పల్లెను పడుకొన్న ఎద్దుతో పోల్చుదురు. వెనుకనున్న కొండ తల, పెద్ద చెట్లు కొమ్ములు, ఇండ్ల వరుసలు దేహము, వంతెనలు కాళ్ళు. వాగునుండి మళ్ళించిన చిన్న కాలువ ప్రేగువలె మెలికలు తిరిగి ఇంటింటి ముంగిటను ప్రవహించి, వంశ మందిరము నెదుటనున్న అర్ధచంద్రాకారపు కొలనులో చేరును. ఆ కొలను ఎద్దు పొట్ట యట. తెల్లవారగనే మొదట త్రాగునీరు ముంచుకొనుట, ఆ పిదపనే బట్టలుతుకుట అను కట్టడి అచ్చట తరతరములుగా ఉండెను. ఈ నీటి ఏర్పాటును 15వ శతాబ్ది ఆరంభమున దగ్గరుండి నడపించినది పొరుగు హు వంశమునుండి కోడలుగా వచ్చిన ఒక స్త్రీ యని ఆ ఊరివారు చెప్పుకొందురు.

కోడలి మాట వచ్చినది గనుక, వంశగ్రామములన్నిటికిని ప్రాణమైన చిక్కు నొకదానిని ఇచ్చట విప్పి చూడవలెను. ఒకే ఇంటిపేరు గలవారు పెండ్లియాడరాదని చైనీయుల ప్రాచీన నియమము. మన సగోత్ర నిషేధము వంటిదే. ఊరంతయు ఒకే వంశమైనప్పుడు ఊరిలో పుట్టిన ఆడపిల్ల లందరును బయటికి పోవలసినవారే, ఊరిలోని ఇల్లాండ్రందరును బయటినుండి వచ్చినవారే. అనగా వంశగ్రామములోని పెండ్లియైనవారిలో దాదాపు సగము మంది పుట్టుకచేత ఆ వంశమువారు కారు! బియ్యము వండునది, బిడ్డను కనునది, పితృదేవతలకు నైవేద్యము సిద్ధపరచునది పరవంశపు స్త్రీయే. ఆమెను తమలో చేర్చుకొను ఉపాయము లేనిదే వంశము ఒక్క తరము కూడ నిలువదు. అందుచేత నూతన వధువును పితృమందిరమునకు కొనిపోయి మ్రొక్కించెడివారు. కాని వంశావళిలో ఆమెకు దక్కు చోటు స్వల్పము. తరచుగా ఫలానా ఇంటిపేరు గల ఆడుది అని మాత్రమే వ్రాసి ఊరుకొనెడివారు. పుట్టిన ఆడపిల్లల పేర్లు అనేక గ్రంథములలో ఎక్కనే లేదు.

మన తెలుగువారి ఆచారము దీనికి తలక్రిందులైనట్టిది. చైనాలో వంశము పేరు ఊరికి వచ్చెను. మనలో ఊరి పేరు వంశమునకు వచ్చెను. తెలుగువారి ఇంటిపేర్లలో ఊరి పేర్లెన్ని కలవో తలచి చూడుడు. మన రంగారెడ్డి జిల్లాలోనే షాద్‌నగరు చెంత బూర్గుల యను గ్రామము కలదు. 1952 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉండిన రామకృష్ణారావు గారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. ఊరి పేరే స్థిరపడి లోకమునకు వారు బూర్గుల రామకృష్ణారావు గారైరి. ఊరు విడిచిన పిమ్మటనే ఊరి పేరుతో పని. ఆ ఊరిలోనే ఉన్నవానిని ఆ ఊరివాడని వేరే పిలువనక్కరలేదు గదా. కావున మన ఇంటిపేరు సాధారణముగా చెప్పునది మనమున్న చోటును కాదు, మన పెద్దలు ఎప్పుడో విడిచివచ్చిన చోటును. కాని ఎందరము ఆ ఊరికి తిరిగి పోయితిమి? ఆ ఊరెచ్చటనున్నదో తెలియని ఇండ్లును తక్కువ కావు. పేరు మిగిలినది, దారి మరుగుపడినది.

పేరుతో పాటు దారియు మరువని వంశ మొకటి మన తెలంగాణముననే కలదు. ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరు గ్రామము మెస్రము వంశపు గోండుల పుణ్యస్థలము. అచ్చట వెలసిన దైవము నాగోబా. గోండులు తమ్ము తాము కోయితూర్ అని చెప్పుకొందురు. వారి గోండీ భాష మన తెలుగునకు దూరపు చుట్టము కాదు. ద్రావిడ భాషలలో తెలుగు చేరిన శాఖలోనే గోండీయు చేరినదని భాషావేత్తలు నిర్ణయించిరి.

గోండుల సంఘమంతయు వంశవిభాగముపై నిలిచినది. వంశములన్నియు నాలుగు సగలుగా ఏర్పడినవి. ఏడుగురన్నదమ్ముల సగ, ఆరుగురిది, ఐదుగురిది, నలుగురిది. పహండి కుపార్ లింగాల్ అను పురాణపురుషుడు ఈ విభాగమును చేసి, వారికి పూజావిధానమును నేర్పెనని వారి గాథలు చెప్పును. ఒకే సగలోని వంశములవారు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారిలో వారికి వివాహము నిషిద్ధము. మెస్రమువారు ఏడుగురన్నదమ్ముల సగకు చెందినవారు. ప్రతి వంశమునకును పెర్సపేన్, అనగా పెద్ద దేవుడు, ఉండును. ఆ దేవునికి విగ్రహముకన్న ముఖ్యమైన గురుతులు చామరమును, ఈటె మొనయు. పూజ జరుపువాడు ఆ వంశములోని కటోడ. వంశకథను పాడువారు ప్రధానులు. వీరు గోండులు కారు. వీరి ఇంటి భాష మరాఠీ. అయినను కింగ్రీ వాద్యము మీటుచు గోండుల వంశగాథలను గోండీలో పాడుట వీరి కులవృత్తి. చైనీయులు కాగితముపై వ్రాసి దాచుకొన్న దానిని గోండులు ప్రధానుల కంఠములలో దాచుకొనిరి. ఏ వంశమునకు ఏ ప్రధాని యనునదియు తరతరముల బంధమే.

ఇచ్చట ఒక ముఖ్యభేదమును గమనింపవలెను. చైనా వంశగ్రామములో వంశీయులు ఏడాది పొడుగునను కాపురముందురు. మెస్రమువా రట్లు కాదు. వారు ఆదిలాబాదు, కుమ్రం భీం ఆసిఫాబాదు, నిర్మల, మంచిర్యాల జిల్లాల పల్లెలలోను, మహారాష్ట్రములోను చెదరి యున్నారు. ఏ పల్లెలో చూచినను వారితో పాటు వేరు వంశములవారును కలరు. కేస్లాపూరు వారికి కాపురపు ఊరు కాదు, కలిసికొను ఊరు. ఏట ఒక్కసారి, పుష్యమాసములో, చెదరిన వంశము మరల ఒక్క ఊరగును.

ఆ కూడిక జరుగు విధము వినదగినది. పుష్యమాసపు నెలవంక కనబడగనే పనులు మొదలగును. పెద్దలు ఎడ్లబండి కట్టుకొని ఊరూర తిరిగి వార్త చాటుదురు. పూజకు కావలసిన కుండలను సిరికొండలోని ఒక కుమ్మరి కుటుంబమువారు వంశపారంపర్యముగా చేసియిత్తురు. ప్రధాను పాట, కుమ్మరి కుండ లేనిదే వంశపూజ సాగదనగా, ఒక్క వంశపు ఉత్సవమైనను అన్యుల చేయి అందులో ఉన్నదని తెలిసికొనవలెను. పిదప మెస్రమువారు తెల్లని వస్త్రములు ధరించి, పాదరక్షలు లేక, ఝరి యను ఇత్తడి పాత్రతో గోదావరికి బయలుదేరుదురు. జన్నారము ప్రాంతమున కలమడుగు చెంతనున్న హస్తలమడుగు వారి తీర్థము. అడవులు, గుట్టలు దాటుచు, దారి పల్లెలలో బస చేయుచు, అనేక దినములు నడచి జలము తెచ్చెదరు. తిరిగి వచ్చునప్పుడు ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూరు మర్రిచెట్ల క్రింద విడియుదురు.

మర్రినీడను విడిచి గుడి చెంతకు చేరిన తరువాత వంట విషయమున నొక నియమము కలదు. మెస్రము వంశమునకు 22 శాఖలు. వానిని కితలందురు. ఎన్ని వందల కుటుంబములు వచ్చినను పొయ్యిలు 22 మాత్రమే. ఆ పొయ్యిలమీదనే వంతులవారీగా వండుకొనవలెను. ఉద్యోగియైనను, కూలియైనను, తన కిత పొయ్యి వద్ద తన వంతు వచ్చువరకు వేచియుండవలసినదే. వంశావళి పుస్తకము లేకున్ననేమి? ఏ పొయ్యి ఎవరిదో తెలిసినచో ఎవరు ఎవరి బిడ్డలో తెలియదా?

కోనేటి నీరు మోయునది ఎవరనుకొంటిరి? మెస్రము వంశపు ఆడపడుచులును, వారిని పెండ్లియాడిన అల్లుండ్రును. పెద్దల ఆశీస్సులంది, కుండలతో నీరు తెచ్చి, మట్టి తడిపి, పాత పుట్టను తొలగించి కొత్త పుట్టను వారే కట్టుదురు. చైనా వంశావళిలో పేరునకు కూడ నోచుకొనని ఆడపిల్లకు ఇచ్చట పుట్టింటి దేవుని కొలువులో తప్పనిసరియైన పని యొకటి కేటాయింపబడినది. ఆమె వేరొక వంశమునకు వెళ్ళిపోయినది నిజమే. అయినను ఆమె చేయి పడనిదే ఉత్సవము ముందునకు సాగదు.

పుష్య అమావాస్య రాత్రి గోదావరి జలముతో గర్భగుడిని శుద్ధి చేసి మహాపూజ చేయుదురు. ఆ పూజ ముగిసిన పిదప జరుగు కార్యమే ఉత్సవమునకు ఆయువుపట్టు. దానిని భేటింగ్ అందురు. ఆ వంశమున కొత్తగా కాలుపెట్టిన కోడండ్రు తెల్లచీరలు కట్టి, ముసుగు వైచుకొని, పెద్దల వెంట వచ్చి నాగోబాకు మ్రొక్కుదురు. పెద్దలు వారిని దేవునికి పరిచయము చేయుదురు. అప్పటివరకు ఆమె ఒక మెస్రము యువకుని భార్య మాత్రమే. ఆ రాత్రి నుండి ఆమె మెస్రము. అటుపిమ్మటనే వంశదేవుని పూజలో ఆమెకు పాలు కలుగును. పరాయి పిల్లను తమలో చేర్చుకొనుట ఎట్లను ప్రశ్నకు ఈ వంశమువారు చెప్పిన సమాధానమిది. గ్రంథములో గీత గీయుట కాదు, వంశమంతయు కన్నులార చూచుచుండగా చేయిపట్టి దేవునియెదుట నిలుపుట.

ఇట్టి సంప్రదాయము సుఖముగా నిలిచినది కాదు. 20వ శతాబ్ది పూర్వార్ధమున నిజాము ప్రభుత్వము అడవులకు హద్దులు వేసి రక్షితారణ్యములుగా ప్రకటించినప్పుడు గోండుల పోడు భూములును, పల్లెలును అందు పడిపోయినవి. బయటినుండి వచ్చినవారు పట్టాలు చేయించుకొనిరి. గోండులకు కాగితము లేదు. ఆ అన్యాయము నెదిరించి జోడేఘాట్ చెంత కుమ్రం భీం 1940లో ప్రాణములర్పించెను. ఆ తిరుగుబాటునకు కారణములేమో తెలియగోరిన ప్రభుత్వము, ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ గారిని గోండుల మధ్యకు పంపెను. ఆయన సతీసమేతముగా మర్లవాయిలో నివసించి, గోండీ నేర్చి, 1943లో గోండీలోనే పిల్లలకు చదువు చెప్పు పాఠశాలకు పునాది వేసెను. గోండుల గాథలపై ఆయన గ్రంథము 1948లో వెలువడినది. 1987లో హైదరాబాదున మరణించిన ఆయన సతీమణి సమాధి మర్లవాయిలోనే కలదు.

గోండులందరును ఏట ఒకచోట చేరు వేళను గమనించి, అధికారులే అచ్చటికి పోయి వారి కష్టములు వినవలెనను ఆలోచనతో 1946లో నాగోబా దర్బారు ఆరంభమైనది. వంశపూజ కొరకు కలిసినవారు భూమి కొరకును, నీటి కొరకును, బడి కొరకును అడుగుటకు అదే తావైనది. అడిగినవన్నియు దొరకినవని చెప్పజాలము. గిరిజనుల భూములు అన్యుల పాలు కాకుండ 1959లో చేసిన నిబంధనను 1970లో మరింత గట్టి చేసిరి. అయినను భూమి తగవులు చల్లారలేదు. 1981 ఏప్రిలు 20వ తేదీన కేస్లాపూరునకు చేరువనున్న ఇంద్రవెల్లిలో గిరిజనులు సభ జరుపబూనగా పోలీసు కాల్పులు జరిగి పలువురు మరణించిరి. ఆ నేలపైనే ఏటేట తెల్లని వస్త్రములతో మెస్రమువారు జలము మోసికొని నడచి వచ్చుచున్నారు. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప ఈ జాతర రాష్ట్ర పండుగయైనది. వంశీయులు తమలో తాము చందాలు వేసికొని రాతితో కట్టించిన కొత్త గుడి 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరుపుకొన్నది.

చైనా వంశములకును గడ్డుదినములు వచ్చినవి. 1950లో వచ్చిన భూసంస్కరణ చట్టము వంశముల ఉమ్మడి భూములను స్వాధీనపరచుకొని రైతులకు పంచెను. ఆ భూములలో పేరునకు వంశమంతటికిని హక్కున్నను పెత్తనము కొందరు సంపన్నులదే యగుటచే, పేద వంశీయులలో పలువురు అందులకు సంతసించిరి. 1966లో ఆరంభమై పదియేండ్లు సాగిన సాంస్కృతిక విప్లవకాలమున వంశావళులు తగులబెట్టబడినవి, పితృపలకలు పగులగొట్టబడినవి. మందిరములు ధాన్యపు కొట్లుగను, బడులుగను మారినవి. కాని 1980 తరువాత, దాచియుంచిన ప్రతులు బయటికి వచ్చినవి. మలేషియాలోను, సింగపూరులోను స్థిరపడిన వంశీయులు ధనము పంపిరి. కొత్తగా వ్రాసిన వంశావళులలో కొన్నిటిలో ఆడపిల్లల పేర్లును ఎక్కించుచున్నారు. వసంతకాలమున పితరుల సమాధులను శుభ్రపరచు ఛింగ్‌మింగ్ దినమునకు నగరములనుండి జనులు తమ తమ పల్లెలకు వచ్చుచున్నారు. వారికిని నేడు వంశగ్రామము కాపురపు ఊరు కాక, కలిసికొను ఊరు అగుచున్నది. కేస్లాపూరు దారి వారికిని తప్పలేదన్నమాట.

ఇక మన ఇబ్రహీంపట్నము వైపు ఒక్కసారి చూతము. అది నేడు పురపాలక సంఘము గల పట్టణము. హైదరాబాదు మహానగరము దాని వైపునకు సాగి వచ్చుచున్నది. చెరువు క్రింది మడులకు బదులు ఇండ్ల స్థలముల రాళ్ళు లేచుచున్నవి. కొత్త వీధులలో ఇల్లు కొనుక్కొన్నవారు పది జిల్లాలవారు. వారికి మూలపురుషుడు ఒక్కడు కాడు. ఒక్క తూము నీరు వారు పంచుకొనరు. నాగలికై వడ్లవానిని పిలువనక్కరలేదు. అనగా రక్తపు దారమును లేదు, వృత్తుల దారమును తెగినది. మరి వారిని ఊరిగా కట్టునది ఏది?

పై మూడు ఊళ్ళ కథలలో ఒక సామాన్యాంశము కనబడుచున్నది. మూడు చోట్లను నీరున్నది. ఇబ్రహీంపట్నపు చెరువు, హోంగ్‌త్సున్ కాలువ, మెస్రమువారి గోదావరి ఝరి. మూడు చోట్లను ఆ నీరు ఊరకే రాలేదు. నీరడి కాపలా వలన, ఉదయపు కట్టడి వలన, కాలినడక వలన వచ్చెను. వంశమైనను సరే, బహుకులముల గ్రామమైనను సరే, అందరును ఏదో ఒక పనిని వంతు వేసికొని చేసినంతకాలమే ఊరుగా నిలిచెను. పని మానిన నాడు పేరు మాత్రము మిగిలెను. మన ఇంటిపేర్లలోని ఊళ్ళకు పట్టిన గతి ఇదియే.

పట్టణపు కొత్త వీధులలో నివసించు మన శ్రోతలు వంశగ్రామములు నిర్మించుకొనలేరు, నిర్మించుకొననక్కరయు లేదు. ఆ ఊళ్ళలోని హెచ్చుతగ్గులు మనకు వలదు. కాని కొత్తగా వీధిలోనికి వచ్చిన కుటుంబమును చేయిపట్టి నలుగురియెదుట నిలుపుట, పెండ్లియై వెళ్ళిన ఆడపడుచునకు పుట్టింటి ఊరిలో ఒక పని ఉంచుట, చెరువునకో, బావికో, వీధికో అందరును వంతులు వేసికొనుట, ఈ మూటికి ఒకే మూలపురుషుని సంతతియై యుండనక్కరలేదు. మెస్రమువారు 22 పొయ్యిలతో నేర్పు పాఠమిదే. ఎవరి వంతు వారు కాచుకొని, తరువాతివారికి పొయ్యి అప్పగించినంతకాలము ఆ నిప్పు ఆరదు.